మూత తియ్యని కెమెరా

“అమ్మ గొంతు అందరికీ వినిపించాలే. చివరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా,” అంది అక్క.

అన్నది తనే. నేను అడగలేదు, పనిగట్టుకుని పూసుకోలేదు. తర్వాత జరిగినదానికి ఎవరైనా నన్ను వేలెత్తి చూపితే ముందుగా ఈ మాటే గుర్తుచేస్తాను.

అక్క బళ్ళో హెడ్మిస్ట్రెస్. ఆ వేసవి సెలవులు అయిపోగానే రిటైరవుతోంది. బడి హాల్లో సభ, సభలో మా ఇంటి పాత వీడియోలతో చేసిన చిన్న సినిమా, దానికి నేను డైరెక్టర్ని. నా అసలు పని కింది వాటాలో కూర్చుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టడం. సెలవుల్లోనే నాకు ఊపిరి సలపనంత గిరాకీ. కానీ ఇంట్లో కూర్చుని చేసే పని ఇంట్లోవాళ్ళ దృష్టిలో పని కాదు కాబట్టి నేను ఖాళీగా ఉన్నట్టే తీర్మానించేశారు.

క్యాసెట్లన్నీ పాప ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించింది. పాప అంటే అక్క కూతురు. ముప్ఫైకి దగ్గర పడుతున్నా, వేరే ఊళ్ళో ఉద్యోగం వెలగబెడుతున్నా మా ఇంట్లో పాపే. సెలవు పెట్టి వచ్చి, లాప్‌టాప్ తెచ్చి నా కుట్టుమిషను పక్కన పెట్టి, వీడియో ఎలా కత్తిరించాలో, ముక్కలు ఎలా అతకాలో ఒక్క పూటలో నేర్పేసింది. కత్తిరించడం, అతకడం నాకొకరు నేర్పాలా? గుడ్డకి బదులు బొమ్మ, అంతే తేడా.

చిక్కంతా సౌండుతోనే వచ్చింది. ఆ వీడియోలు తీసింది బావగారు. ఆయన కెమెరాలో మనుషులు బాగానే పడేవారు, వాళ్ళ మాటలే పడేవి కావు. అమ్మ మాట మరీను. అమ్మది పుట్టుకతోనే చిన్న గొంతు. పక్కగదిలో ఉన్నవాళ్ళని పిలవాలంటే గరిటెతో గిన్నె మీద కొట్టేది. అక్క నాన్న పోలిక. మైకు లేకుండా మైదానమంతా వినిపించే గొంతు. కరెంటు పోయినా అసెంబ్లీ ఆగదని బళ్ళో టీచర్లు నవ్వుకునేవారు.

అమ్మ పోయి మూడేళ్ళు. ఆ గొంతు మళ్ళీ వినాలని నాకెంత ఆశగా ఉందో అంత భయంగానూ ఉంది. ఎందుకంటే అమ్మ మీద నాకొక కోపం తీరకుండా ఉండిపోయింది.

పంతొమ్మిదేళ్ళప్పుడు నాకు నర్సింగు స్కూల్లో సీటొచ్చింది. అమ్మ పంపలేదు. పంపనన్న సంగతి కూడా నాతో చెప్పలేదు, అక్క చేత చెప్పించింది. మా ఇంట్లో పద్ధతే అది. నాన్న పోయాక అమ్మకీ నాకూ మధ్య పెద్ద మాటలన్నీ అక్క మీదుగానే నడిచేవి. నాకు కొత్త చెప్పులు కావాలంటే అక్కకి చెప్పేదాన్ని. నా మీద కోపమొస్తే అమ్మ కూడా అక్కకే చెప్పేది. అక్క అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసేది. ఎవరికీ అందులో వింత కనిపించలేదు. అలా నేను ఇంట్లోనే ఉండిపోయి, పాపని పెంచి, మిషను నేర్చుకున్నాను.

చివర్లో అమ్మ మంచాన పడితే ఆరేళ్ళు చూసిందీ నేనే. ఒకరోజు పక్క మీద దుప్పటి మారుస్తూ ఉక్రోషం పట్టలేక అనేశాను. “ఈ పని నేర్పే బడికే కదమ్మా నువ్వు నన్ను పంపనిది.” అమ్మ నన్ను చాలాసేపు చూసింది. “నువ్వే కదమ్మా వద్దనుకున్నావు,” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. చేసింది తను, తోసేది నా మీదికా అని. వెళ్ళి అక్కతో చెప్పుకున్నాను. “జబ్బుతో మతి సరిగ్గా ఉండట్లేదే, ఏదో అంటుంది, నువ్వు పట్టించుకోకు,” అంది అక్క. నేను పట్టించుకోలేదు. అమ్మకి వేళకి అన్నం పెట్టాను, మందులు వేశాను. మనసు విప్పి మాత్రం మళ్ళీ మాట్లాడలేదు.

ఆ కోపంతోనే, ఆ ఆశతోనే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

మొదట నేను చేసింది తెలివితక్కువ పని. సౌండు మీటని కొస వరకూ లాగేశాను. ఫ్యాను పిండిమరలా అరిచింది. ఎక్కడో కుళాయి ధారగా కారింది. అన్నిటి మీదా ఒకటే బుస. అమ్మ మాట ఆ చప్పుళ్ళ వెనక ఎక్కడుందో అక్కడే ఉంది.

“అన్నీ కలిపి పెంచితే అన్నీ పెరుగుతాయి పిన్నీ,” అంది పాప, తెర మీద గీతలు చూపిస్తూ. “ఇదిగో, ఇవి చూశావా, కొండల్లా లేచినవి? ఇవి పైన తగిలాయంటే ఇంక మిగతావి పెరగవు. ముందు వీటిని కిందకి దించు. తర్వాత మొత్తం లేపు.”

ఆ కొండలేమిటా అని విన్నాను. అన్నీ బావగారి దగ్గులు. కెమెరా పట్టుకుంటే చాలు ఆయనకి గొంతు సవరించుకోవాలనిపించేది. మైకు పక్కనే ఆయన నోరు. అందరి మాటల నెత్తి మీదా ఆయన దగ్గులే కూర్చున్నాయి. రెండు రోజులు యూనిఫారాలు పక్కన పడేసి ఆ దగ్గులు ఏరుతూ కూర్చున్నాను. బావగారు టీ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డారు.

“ఏం చేస్తున్నావు చిన్నమ్మాయ్?”

“మీ దగ్గులు కోస్తున్నాను బావగారూ.”

“అన్నీనా?”

“అన్నీను. మీరు తగ్గితే గానీ అమ్మ లేవదు.”

ఆయన కాసేపు తెర వంక చూశారు. “ఒక్కటైనా ఉంచమ్మా. వీటిల్లో ఎక్కడా నేను కనబడను కదా. నేనూ అక్కడే ఉన్నానని తెలియాలి కదా,” అన్నారు.

అదీ నిజమే. ఒక్క దగ్గు ఉంచాను.

దగ్గులు దిగాక మిగతా సౌండు మెల్లిగా లేపాను. వరండాలో బఠాణీలు ఒలుస్తున్న అమ్మ తలెత్తి, “ఎండలో నిలబడకమ్మా, లోపలికి రా,” అంది. ఎవరితోనో కాదు, నాతోనే. గేటు దగ్గర జడ ముందుకేసుకుని నిలబడ్డది నేనే. చేతిలో కత్తెర పట్టుకుని ఏడ్చేశాను. పాప నా వీపు మీద చెయ్యి వేసింది.

“ఇంత మెల్లగా మాట్లాడే అమ్మమ్మేనా నిన్ను నర్సింగుకి పంపనని పట్టుబట్టింది?” అంది. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే నేను కట్టు కట్టేదాన్ని. నువ్వు నిజం నర్సువి ఎందుకు కాలేదు పిన్నీ అని అడిగేది. మీ అమ్మమ్మ పంపలేదు అనేదాన్ని.

“మెల్లగా మాట్లాడేవాళ్ళ పట్టు నీకు తెలీదులే,” అన్నాను.

ఇంక మిగిలింది ఆ బుస. దానికీ ఒక మార్గం ఉందని పాప చూపించింది. ఎవరూ మాట్లాడని ముక్క ఒకటి తీసి ఆ ప్రోగ్రాముకి నమూనాగా చూపించాలి. ఇదే చెత్త, ఇది ఎక్కడుంటే అక్కడ తీసెయ్ అని చెప్పాలి. అది ఊడ్చేస్తుంది.

ఎవరూ మాట్లాడని ముక్క ఎక్కడుందో నాకు బాగా తెలుసు. మా ఇంట్లో దాని గురించి తెలియనివాళ్ళు లేరు. పాప మొదటి పుట్టినరోజుకి బావగారు కెమెరాని వంటింటి గుమ్మం పక్కన ఫ్రిజ్ మీద పెట్టి, ఆన్ చేసి, బుడగలు ఊదడానికి వెళ్ళిపోయారు. మూత తియ్యడం మర్చిపోయారు. క్యాసెట్ నిండా చీకటి. చివర్లో మూత ఊడి, తెర నిండా ఆయన ముఖం, బిత్తరపోయి, “ఇంతసేపూ మూత తియ్యలేదా నేను?” వెనక ఇంటిల్లిపాదీ నవ్వు. ఇన్నేళ్ళూ అందరం ఆ చీకటంతా దాటించేసి ఆ ముఖం చూసి నవ్వుకున్నవాళ్ళమే. సినిమాలో ఆ జోకు తప్పకుండా ఉండాలని అక్క మరీ మరీ చెప్పింది. ఆ చీకట్లో ఏముందని విన్నవాళ్ళు లేరు. సౌండు కూడా అన్నిటికంటే అందులోనే తక్కువ. ఫ్రిజ్ గుర్రు తప్ప ఏమీ వినపడదు.

ఆ చీకట్లోంచి ఒక ముక్క తీసి నమూనాగా ఇచ్చాను. బుస పోయింది, దానితోపాటు అమ్మా పోయింది. బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు, మాటలు కరిగిపోయి, కొన్నిచోట్ల అసలు లేకుండా వచ్చాయి. చేసింది చెరిపి మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. పాపని పిలిచాను.

పాప గీతలు పెద్దవి చేసి చూసింది. “ఇది నిశ్శబ్దం కాదు పిన్నీ. ఇందులో ఎవరో మాట్లాడుతున్నారు. నువ్వేమో ఇదంతా చెత్త అని చెప్పావు. అందుకే అది అమ్మమ్మ గొంతుని కూడా చెత్తలో కలిపి ఊడ్చేస్తోంది. ఇంకో చోటు వెతుక్కో,” అంది. ఇంతలో పైనుంచి అక్క పిలిచింది. ఆ పిలుపు వీధి చివరికి కూడా వినిపించి ఉంటుంది. పాప వెళ్ళిపోయింది.

నేను ఇంకో చోటు వెతకలేదు. ఎవరు మాట్లాడుతున్నారో విందామనిపించింది. మధ్యాహ్నం, వీధిలో అలికిడి లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందు ఫ్రిజ్ గుర్రు దించాను. తర్వాత కొంచెం కొంచెంగా సౌండు పెంచాను.

మొదట చాకు చప్పుడు. తర్వాత అక్క గొంతు, ఎంత తగ్గించి మాట్లాడినా ముందు వినపడేది ఎప్పుడూ తనదే కదా. “చిన్నది ఎక్కడికెళ్ళింది?”

“ఐసు తెమ్మన్నాను,” అంది అమ్మ. ఇంకాస్త పెంచాను. “దానికి పెట్టె కొన్నానే. నీలం రంగుది. దుప్పటీ తువ్వాళ్ళూ సర్దాను. సోమవారం పొద్దున బయల్దేరదాం. నువ్వు సెలవు పెట్టక్కర్లేదు. నేనే వెళ్ళి దింపి వస్తాను.”

కాసేపు ఫ్రిజ్ ఒక్కటే.

“అది వెళ్ళనంటోందమ్మా,” అంది అక్క.

“ఎవరు?”

“చిన్నదే. పాపని వదిలి ఉండలేనంటోంది. నీతో చెప్పడానికి మొహం చెల్లక నన్ను చెప్పమంది.”

“నిన్న కూడా బట్టలు ఇస్త్రీ చేసుకుంది కదే.”

“నువ్వు సంబరపడుతున్నావని చేసుకుంది. లోపల ఏడుస్తోంది. నువ్వు మాత్రం అడక్కమ్మా. అడిగితే నీ మాట కాదనలేక వెళ్తుంది, వెళ్ళి అక్కడ కుమిలిపోతుంది.”

గరిటె గిన్నె అంచుకి తగిలింది. ఎవరినీ పిలవడానికి కాదు. తర్వాత అమ్మ అంది, “సరే. దాని ఇష్టం. నేను అడగనులే.”

తలుపు దబదబా చప్పుడైంది. “అక్కా, తలుపు తియ్యి, ఐసంతా నీళ్ళయిపోతోంది,” అని నా గొంతు. ఎంత హుషారో ఆ గొంతులో. సోమవారం ఊరెళ్ళబోయే పిల్ల గొంతు అది. కొంతసేపటికి బావగారు మూత తీశారు. అందరూ నవ్వారు. నవ్వుల్లో అక్క నవ్వే పెద్దగా ఉంది.

నేను ఆపి, మళ్ళీ మొదటినుంచి విన్నాను. ఎక్కడైనా తప్పుగా విన్నానేమోనని వెతికాను. ఎక్కడా లేదు.

ఆ పుట్టినరోజు మర్నాడు సాయంత్రం నాకు బాగా గుర్తు. మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాను. అక్క వచ్చి నా భుజం చుట్టూ చెయ్యేసింది. “అమ్మ ఒప్పుకోలేదే. రాత్రి డ్యూటీలుండే చదువుకి పంపనని తెగేసి చెప్పింది. నీ తరఫున ఎంత పోట్లాడానో నాకే తెలుసు. నువ్వు మళ్ళీ అడిగి ఆవిడని బాధపెట్టకు,” అంది. అని ఏడ్చింది. నేను నా చున్నీతో అక్క కళ్ళు తుడిచాను. పోయింది నా సీటు, ఓదార్పు అక్కకి. ఇద్దరికీ అడగొద్దనే చెప్పింది. మేం ఇద్దరం అడగలేదు. అంత నమ్మకం తన మీద.

నమ్మించి గొంతు కోయడం అంటారే, అది నాకు తెలియకుండానే జరిగిపోయింది. కోసిన చేతినే ఇన్నేళ్ళు పట్టుకుని తిరిగాను.

అటక మీద నీలం పెట్టె ఉంది. పాత బొంతలు కుక్కి ఉంటాయి అందులో. అక్క తన సామాన్లకోసం కొనుక్కుందనుకునేదాన్ని. టేపు విన్న ఆ మధ్యాహ్నమే స్టూలెక్కి దించాను. తాళంచెవి దారంతో పిడికే కట్టి ఉంది, కొట్టువాడు కట్టినట్టే. ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళని పెట్టెకి తాళంతో పనేముంది? ఆ దారం పట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను.

సీటు గురించి కాదు నేను ఏడ్చింది. అమ్మ ఏమనుకుంటూ పోయిందన్నది నన్ను కోసేసింది. కన్నకూతురు మనసులో మాట తనతో చెప్పుకోలేదనుకుంది. ‘నువ్వే కదమ్మా వద్దనుకున్నావు’ అన్నప్పుడు తను నా మీదికేమీ తోయలేదు. ఇన్నేళ్ళు అడగకుండా దాచుకున్న మాట చివరికి బయటికొచ్చింది. ఆ మాటకి నేను కాస్త ఎదురు ప్రశ్న వేసి ఉంటే అయిపోయేది. దాన్ని మతిలేని మాట అని కొట్టేయించింది కూడా అక్కే.

తర్వాత రోజుల్లో మిషను తొక్కుతూనే ఉన్నాను. అక్క రోజూ దిగొచ్చి, “ఎంతవరకూ వచ్చింది?” అని అడిగేది. నాకు మోకాలు నొప్పని తైలం తెచ్చింది. పైన వండింది కింద నా గిన్నెలో పెట్టి వెళ్ళేది. తను చెడ్డమనిషై ఉంటే నాకు తేలికగా ఉండేది. ఎప్పుడూ ఇలాగే చూసింది నన్ను. జ్వరమొస్తే బడి మానేసి పక్కన కూర్చుంది. ఆ ప్రేమంతా ఇప్పుడు దేనికి బదులో నాకు అర్థం కాలేదు. తినబుద్ధి కాక ఆ అన్నం కాకులకి పెట్టాను.

పాపా బావగారూ హాలు చూసి రావడానికి వెళ్ళిన పూట అక్కని పిలిచాను. నా స్టూలు మీద కూర్చుంది. హెడ్‌ఫోన్లు నేనే పెట్టాను.

“నల్లగా ఉందేంటే?”

“విను.”

ఎంతమంది పిల్లల అబద్ధాలో పట్టుకున్న ముఖం అది. కదల్లేదు. కళ్ళద్దాలు తుడుస్తున్న చెయ్యి మాత్రం ఆగిపోయింది. అంతా అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి, వాటి తీగ చుట్టి, బల్ల మీద పెట్టింది.

“పాప విందా ఇది?” అంది.

నన్ను చూసి అన్న మొదటి మాట అది.

“లేదు.”

అక్క ఊపిరి వదిలింది.

“నేను వెళ్ళనని ఎప్పుడన్నాను అక్కా?”

“అన్నావే. పాపని ఎత్తుకుని, దీన్ని వదిలి ఎలా ఉంటానో ఏమో అన్నావు.”

“ఊరెళ్ళే ప్రతివాళ్ళూ అంటారు ఆ మాట. అన్నవాళ్ళంతా ప్రయాణం మానుకుంటారా?”

“నాకు అలాగే అర్థమైంది.”

“అలా అర్థమైతే అమ్మ వద్దందని నాకెందుకు చెప్పావు?”

అక్క గోడకి వేలాడుతున్న యూనిఫారాల వంక చూస్తూ కూర్చుంది. “అప్పుడే ఉద్యోగం ఖాయమైంది. ఏడాది పిల్ల. అమ్మకి అప్పటికే చేతకావట్లేదు. ఎవరికి వదిలి వెళ్ళమంటావు?” అంది చివరికి. “అయినా ఈ ఇంట్లో నీకేం తక్కువ చేశాను?”

“నన్ను అడిగుంటే ఏడాది ఆగేదాన్నేమో. నువ్వు అడగలేదు.”

అక్క లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. లేచేసరికి హెడ్మిస్ట్రెస్ అయిపోయింది. “ఇందులో ఏముందని ఇంత రాద్ధాంతం? నువ్వే వద్దన్నావనే కదా ఉంది. ఎవరు విన్నా అదే అనుకుంటారు. చివర మీ బావ జోకొకటి ఉంచి, మిగతాది తీసెయ్.”

అప్పుడు వెలిగింది నాకు. ఆ టేపు నా సాక్ష్యం కాదు, అక్క సాక్ష్యం. నేను అలా అనలేదని తెలిసింది లోకంలో ఇద్దరికే. ఆ రెండో మనిషి నా ఎదురుగా నిలబడి కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

“సరేనక్కా,” అన్నాను.

అక్క చెప్పినట్టే ఒక సినిమా చేశాను. ఆ పక్కనే ఇంకొకటి చేశాను. అందులో చీకటి ముక్కని పెట్టె మాట దగ్గర్నుంచి అలాగే ఉంచి, అక్క మాటలన్నీ సున్నాకి దించాను. అమ్మ మాటలు మాత్రం లేపగలిగినంత లేపాను. దాన్ని ఎవరికీ చూపించే ఉద్దేశం లేదు. అమ్మ మాటలకి అడ్డం ఎవరూ లేకుండా ఒక్కసారి వినాలనిపించింది, అంతే.

సభ రోజు హాలు నిండిపోయింది. గోడ వారగా బల్ల మీద లాప్‌టాప్, దాని వెనక నేను, నా పక్కన పాప. అక్క చెప్పిన సినిమానే సిద్ధంగా పెట్టుకున్నాను. అక్క లేచి మైకు పక్కకి తిప్పేసింది. “నాకు ఇదెందుకు?” అంటే హాలంతా నవ్వింది. బడి గురించి చెప్పింది, పిల్లల గురించి చెప్పింది. నిజంగానే బాగా మాట్లాడింది. తర్వాత నా వైపు చెయ్యి చూపించింది.

“నేను ఇంతదాన్నయ్యానంటే మా చెల్లెలు కారణం. నర్సింగులో సీటొస్తే నా కూతురికోసం తన ఇష్టంతో వదులుకుంది. వెళ్ళవే వెళ్ళవే అని నేనూ మా అమ్మా ఎంత చెప్పినా వినలేదు.”

చప్పట్లు మోగాయి. ముందు వరసల్లోవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను మెచ్చుకోలుగా చూశారు.

అది కొత్త అబద్ధం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని అంతా విన్నాక, తీరిగ్గా, అమ్మని కూడా కలిపి వండిన అబద్ధం. తన వరకూ చెప్పుకుని ఉంటే మింగేసేదాన్ని. అమ్మ నోట ఆ మాట పెట్టేసరికి నా చెయ్యి ఆగలేదు. లైట్లు ఆర్పారు. నేను రెండో సినిమా నొక్కాను.

బావగారి దగ్గు వినపడగానే ఆయన బడి సిబ్బందిలో కూర్చుని నేనే నేనే అని చెప్పుకున్నారు. బఠాణీలు ఒలుస్తూ అమ్మ ఎండలో నిలబడకమ్మా అంది. చివరి వరస దాకా వినిపించింది. తర్వాత తెర నల్లబడింది. ఆగిపోయిందేమోనని జనం కదిలారు. ఆ చీకట్లోంచి అమ్మ మాట్లాడింది.

“దానికి పెట్టె కొన్నానే. నీలం రంగుది. దుప్పటీ తువ్వాళ్ళూ సర్దాను. సోమవారం పొద్దున బయల్దేరదాం. నువ్వు సెలవు పెట్టక్కర్లేదు. నేనే వెళ్ళి దింపి వస్తాను.”

ఏమీ లేదు కాసేపు, మధ్యలో “ఎవరు?” అన్న అమ్మ మాట ఒక్కటి తప్ప.

“నిన్న కూడా బట్టలు ఇస్త్రీ చేసుకుంది కదే.”

మళ్ళీ ఏమీ లేదు.

“సరే. దాని ఇష్టం. నేను అడగనులే.”

ఐసు నీళ్ళయిపోతోందని నేను తలుపు కొట్టాను. మూత ఊడింది. బావగారి ముఖం తెర నిండా పరుచుకుంది. హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా బావగారే నవ్వారు. నా పక్కన పాప నవ్వలేదు.

“పిన్నీ, నిన్ను దింపి వస్తానందా అమ్మమ్మ?”

“అంది.”

“అమ్మమ్మ పంపలేదని కదా నువ్వు చెప్పేదానివి.”

“నాకు అలాగే చెప్పారు.”

“ఎవరు?”

నేను లాప్‌టాప్ మూసి తీగలు చుట్టడం మొదలుపెట్టాను. ఆ పిల్లని పెంచింది నేను. దానికి అన్నీ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. లైట్లు వేశారు. పాప లేచి, నిలబడి ఉన్న జనాన్ని తప్పించుకుంటూ వేదిక వైపు నడిచింది. నేను తీగలు వదిలేసి వెనకే వెళ్ళాను.

అక్క చేతుల నిండా పూలగుచ్ఛాలు. చుట్టూ టీచర్లు. పాప మెట్లెక్కి వాళ్ళమ్మ దగ్గరగా నిలబడింది. గొంతు పెంచలేదు. అమ్మమ్మ గొంతు వచ్చింది దానికి, అప్పటిదాకా నేను గమనించలేదు.

“అమ్మా, అమ్మమ్మ వద్దందని పిన్నికి ఎవరు చెప్పారు?”

అక్క పాప భుజం మీంచి నన్ను చూసింది. పూలగుచ్ఛాలు ఇంకాస్త దగ్గరకి హత్తుకుంది. పెదవులు కదిలాయి. మైకు లేకుండా మైదానమంతా వినిపించే మా అక్క ఏదో అంది. రెండడుగుల దూరంలో ఉన్న నాకు వినపడలేదు.

“కాస్త గట్టిగా చెప్పమ్మా,” అంది పాప.